జనం లేని చిన్న దీవికి పడవలో వెళ్తున్నారా? ముందు రీఫ్ సంగతి తెలుసుకోండి

మీరు అడిగింది ఇది: నలుగురు పెద్దవాళ్లు, ఒక పదేళ్ల బాబు, ఒడ్డు నుంచి గంటసేపు పడవ ప్రయాణం, చుట్టూ రీఫ్ ఉన్న జనం లేని ఒక చిన్న దీవి. వెళ్లొచ్చా, రాత్రి అక్కడే టెంట్ వేసుకోవచ్చా, ఏమేం తీసుకెళ్లాలి?

వెళ్లండి, తప్పకుండా వెళ్లండి. కానీ పగలు వెళ్లి పగలే తిరిగొచ్చేయండి. రాత్రి బస సంగతి కింద విడిగా చెబుతాను. ఏమేం తీసుకెళ్లాలన్నది అన్నిటికంటే తేలికైన ప్రశ్న. దానికంటే ముందు తేల్చుకోవాల్సినవి మూడున్నాయి: ఏ రోజు వెళ్తారు, ఏ గంటకు చేరతారు, దీవికి ఏ వైపున దిగుతారు. ఈ మూడింటినీ నిర్ణయించేది దీవి చుట్టూ ఉన్న పగడపు దిబ్బ, అదే రీఫ్. చాలా ఏళ్లుగా ఇలాంటి దీవులకు పడవల మీద మనుషుల్ని తీసుకెళ్లి తీసుకొస్తున్నాను. నడి సముద్రంలో ఇబ్బంది పడినవాళ్లను తక్కువగానే చూశాను. దీవి కళ్లెదుట కనబడుతూ, ఇంకో వంద మీటర్లే కదా అనుకునే చోటే ఎక్కువమందికి దెబ్బలు తగులుతాయి, పడవలు దెబ్బతింటాయి.

రీఫ్ అంటే నీళ్లలో మునిగిన రాళ్ల వరస అనుకోకండి. మీరు కాలు పెట్టబోయే దీవి మొత్తం అది తయారు చేసిందే. అక్కడి తెల్ల ఇసుక పగడపు ముక్కలు, గవ్వల పొడి, కంటికి ఆనీ ఆనని జీవుల పెంకులు కలిసి ఏర్పడింది. చిలక ముక్కులాంటి నోరున్న ప్యారట్‌ఫిష్ పగడపు రాతిని కొరికి, దాని మీది నాచు తిని, నమిలిన సున్నపుపొడిని ఇసుకగా విసర్జిస్తుంది. మాస్క్ పెట్టుకుని నీళ్లలో తల ఉంచి కాసేపు కదలకుండా ఉంటే అవి రాతిని కొరికే కటకట శబ్దం స్పష్టంగా వినిపిస్తుంది. 1836లో చార్లెస్ డార్విన్ హిందూ మహాసముద్రంలోని కోకోస్ కీలింగ్ దీవులను చూశాడు. అగ్నిపర్వతపు దీవి మెల్లగా కుంగుతూ ఉంటే దాని అంచున పగడం పైకి పెరుగుతూ పోవడం వల్లే ఇలాంటి వలయాకారపు దీవులు ఏర్పడతాయని 1842లో వివరించాడు. 1952లో పసిఫిక్‌లోని ఎనివెటాక్ దగ్గర లోతుగా తవ్వి చూస్తే, 1,200 మీటర్లకు పైగా పగడపు సున్నపురాయి దాటాక గానీ అగ్నిపర్వత శిల తగల్లేదు. అంత మందం మీద పైన కనిపించే దీవి మాత్రం సాధారణంగా నీటిమట్టానికి రెండు మూడు మీటర్ల ఎత్తే ఉంటుంది.

ఇదంతా చెప్పడానికి కారణం ఉంది. ఆ ఇసుక దేనికీ అతుక్కుని ఉండదు. గాలి దిశ మారే ప్రతి సీజన్‌లోనూ దీవి ఒక వైపు కోసుకుపోయి ఇంకో వైపు మేట వేస్తుంది. పసిఫిక్‌లోని టువాలు దేశపు 101 దీవులను 1971 నుంచి 2014 వరకు పోల్చి చూసినప్పుడు మొత్తం భూమి 2.9 శాతం పెరిగినట్టు తేలింది. వాటిలో కొన్ని పెరిగాయి, కొన్ని తరిగాయి, కొన్ని పక్కకు జరిగాయి. హవాయి దీవుల వరసలోని ఈస్ట్ ఐలాండ్‌ అయితే 2018 అక్టోబర్‌లో ఒకే ఒక్క తుపానుకు దాదాపు పూర్తిగా కొట్టుకుపోయింది. కాబట్టి శాటిలైట్ చిత్రంలో చక్కటి ఇసుక నాలుక కనిపించిందని అక్కడే దిగాలని నిర్ణయించుకోవద్దు. ఆ చిత్రం ఎప్పటిదో చూడండి. పోయిన నెలలో ఆ దీవికి వెళ్లొచ్చిన సరంగు, అంటే పడవ నడిపే మనిషి మాట దానికంటే విలువైనది.

ఇక రోజు సంగతి. చాలా చోట్ల రోజుకు రెండు పోట్లు (నీళ్లు ఎక్కడం), రెండు ఆటులు (నీళ్లు దిగడం) వస్తాయి. ఒక పోటుకూ తర్వాతి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందుకే ఇవాళ్టి పోటు రేపటికి దాదాపు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. రోజుకు ఒక్కటే పోటు వచ్చే తీరాలు కూడా ఉన్నాయి. మీరు వెళ్లే చోటి పట్టిక ముందుగా చూసుకోండి. నీళ్లు ఒకే వేగంతో ఎక్కవు, దిగవు. మొత్తం మార్పును పన్నెండు వంతులు అనుకుంటే, మొదటి గంటలో ఒక వంతు, రెండో గంటలో రెండు వంతులు, మూడు నాలుగు గంటల్లో మూడేసి వంతులు, ఆ తర్వాత రెండు, ఆఖరి గంటలో ఒకటి. అంటే మధ్య రెండు గంటల్లోనే సగం నీళ్లు మారిపోతాయి. పొద్దున నడుములోతు నీళ్లలో హాయిగా దాటిన రీఫ్ అంచు, ఆటు మధ్యలో రెండు గంటలు గడిచేసరికి చీలమండ లోతుకు వచ్చేస్తుంది. అప్పుడు పడవ లోపల ఉంటే లోపలే, బయట ఉంటే బయటే.

అందుకని పోటు ఎక్కుతుండగా, సగం దాటాక లోపలికి వెళ్లాలి. అడుగు ఎక్కడైనా తగిలినా, పెరిగే నీరే పడవను లేపుతుంది. అదే పోటు నిండాక దిగే నీటిలో తగిలితే, తర్వాతి పోటు వరకు పడవ పక్కకు ఒరిగి అక్కడే ఉంటుంది. తిరిగి రావడం కూడా నీళ్లు సగానికి దిగకముందే అయిపోవాలి. మొత్తం మీద పోటుకు ముందు మూడు గంటలు, తర్వాత మూడు గంటలు మీ చేతిలో ఉంటాయి. దిగడం, ఎక్కడం, మధ్యలో ఈతలు, నడకలు అన్నీ అందులోనే. మొదటిసారి వెళ్తున్నారు కాబట్టి అటూ ఇటూ ఒక గంట తగ్గించుకుని నాలుగు గంటలనే లెక్క వేసుకోండి.

ఇక్కడ ఒక చిక్కుంది, చాలామంది దీన్ని గమనించరు. పౌర్ణమి, అమావాస్యలకు ఒకటి రెండు రోజుల తర్వాత ఆటుపోట్లు పెద్దవి, ప్రవాహాలు బలమైనవి. అష్టమికి అటూ ఇటూ అవి చిన్నవి, నెమ్మదైనవి. పిల్లలతో వెళ్లేవాళ్లకు అష్టమి రోజులే మేలనిపిస్తుంది. కానీ రోజుకు రెండు పోట్లు వచ్చే ఒకే చోట పౌర్ణమి పోటు మధ్యాహ్నం పన్నెండుకు వస్తుంటే, అష్టమి పోటు ఉదయం ఆరుకో సాయంత్రం ఆరుకో పడుతుంది. నిదానమైన నీళ్లు, మధ్యాహ్నపు పోటు రెండూ ఒకేరోజు దొరకవు. పైగా అష్టమి పోటు ఎత్తు తక్కువ, కొన్ని రీఫ్‌ల మీద పడవ దాటడానికి అది చాలదు కూడా. రెండింట్లో ఒకటి ఎంచుకోమంటే నేను మధ్యాహ్నపు పోటునే ఎంచుకుంటాను, పెద్ద పోటు రోజులకు మూడు నాలుగు రోజులు ఎడంగా. ఎందుకంటే రీఫ్ దగ్గర కళ్లే మీకు ఆధారం, కళ్లకు వెలుతురు కావాలి.

సూర్యుడు నడినెత్తికి దగ్గరగా గానీ, వీపు వెనక గానీ ఉంటే నీళ్లలో రంగులు విడివిడిగా కనిపిస్తాయి. ముదురు నీలం అంటే లోతు. లేత ఆకుపచ్చ కలిసిన నీలం అంటే అడుగున ఇసుక, నీళ్లు తక్కువే. గోధుమరంగు, పసుపు కలిసిన మచ్చ కనిపిస్తే పగడం పైకి దగ్గరగా ఉన్నట్టు. పోలరైజ్డ్ కళ్లద్దాలు పెట్టుకుంటే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. ఒక మనిషి పడవ ముక్కు దగ్గర నిలబడి, ఒక చేత్తో ఏదైనా గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో ఎటు తిప్పాలో చూపిస్తూ ఉండాలి. ఇంజన్ హోరులో మాటలు వినబడవు. ఉదయం ఏడు గంటలకు తూర్పు వైపు వెళ్తున్నా, సాయంత్రం నాలుగింటికి పడమర వైపు వెళ్తున్నా నీటి మీద మెరుపు తప్ప ఏమీ కనబడదు. మబ్బు నీడ అచ్చం రీఫ్ మచ్చలా ఉంటుంది. అది కదులుతుందా లేదా అని కొద్దిసేపు ఆగి చూడటమే దానికి మార్గం.

దిగే వైపు గాలి చాటున ఉండాలి. గాలి తగిలే వైపు కెరటాలు రీఫ్ అంచు మీద విరుగుతాయి, ఆ వైపు అందంగా కనిపించినా పడవను తీసుకెళ్లకూడదు. ఇంకో సంగతి, పైకి కనబడదు కాబట్టి జాగ్రత్తగా వినండి. కెరటాలు రీఫ్ మీదుగా లోపలి మడుగులోకి నీళ్లు పోస్తూనే ఉంటాయి. ఆ నీళ్లు బయటికి పోవడానికి రీఫ్‌లో ఉన్న సందులే దారి. కెరటాలు పెద్దగా ఉన్న రోజున పోటు ఎక్కుతున్నప్పుడు కూడా ఆ సందుల్లో నీళ్లు బయటికే ఉరుకుతుంటాయి. ఆ ప్రవాహానికి గాలి ఎదురైతే అక్కడే పొట్టిగా, నిటారుగా కెరటాలు లేస్తాయి. ఈత కొట్టేటప్పుడు, స్నార్కెల్ చేసేటప్పుడు సందుకు బాగా దూరంగా ఉండండి. ఎవరైనా లాగబడితే ప్రవాహానికి ఎదురు ఈదకూడదు. అడ్డంగా ఈది అది బలహీనపడే చోటికి చేరాలి, చెయ్యి పైకెత్తి పడవకు కనిపించాలి.

ఇప్పుడు దిగే క్షణం. ఇది నెమ్మదిగా చదవండి, మీతో వచ్చేవాళ్లందరికీ చదివి వినిపించండి.

పడవ ఒడ్డుకు ముప్పై నలభై మీటర్ల దూరంలో ఆగుతుంది. మంచి సరంగు అక్కడ ఊరికే నిలబడి కెరటాలు చూస్తాడు. ఆలస్యం చేస్తున్నాడని విసుక్కోవద్దు. కెరటాలు గుంపులుగా వస్తాయి: కొన్ని చిన్నవి, ఆ తర్వాత వరసగా కొన్ని పెద్దవి, మళ్లీ కాస్త తెరిపి. ఆయన ఆ తెరిపి కోసం చూస్తున్నాడు. తర్వాత పడవ వెనక నుంచి ఇసుక మీద లంగరు వేసి, తాడు వదులుతూ ముక్కును ఒడ్డు వైపు నడిపిస్తాడు. నీళ్లు తొడల లోతుకు రాగానే ఇంజన్ ఆపి పైకి లేపుతాడు. ఆయన చెప్పేదాకా అందరూ కూర్చునే ఉండాలి. చెప్పాక ఒక్కొక్కరే, ముక్కు పక్క నుంచి, కూర్చుని కాళ్లు కిందికి జార్చి దిగాలి. దూకొద్దు, అడుగున గుంట ఉందో రాయి ఉందో తెలియదు. దిగిన వెంటనే పక్కకు జరగాలి. పడవకూ ఒడ్డుకూ మధ్య ఎవరూ ఒక్క సెకను కూడా నిలబడకూడదు. మోకాలి లోతు నీళ్లలో కూడా ఒక కెరటం వందల కిలోల పడవను అలవోకగా ముందుకు తోస్తుంది, మధ్యలో ఉన్న కాలు విరుగుతుంది. నేను ఇన్నేళ్లలో చూసిన పెద్ద గాయాల్లో ఎక్కువ భాగం ఇలా తగిలినవే. చేతుల్లో ఫోన్, సంచి, చెప్పులు పట్టుకుని దిగడం మానేయండి. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. మనుషులు దిగాక సామాను అందుకోవాలి. కాళ్లకు గట్టి అడుగున్న బూట్లు ఉండాలి, వేలికి పట్టుకునే చెప్పులు నీళ్లలో జారిపోతాయి.

అందరూ దిగాక సరంగు లంగరు తాడు పట్టి పడవను మళ్లీ లోతుకు లాక్కుంటాడు. పడవను ఇసుక మీదికి లాగి పెట్టమని అడగకండి. పోటులో లాగితే ఆటుకు ఇసుకలో కూరుకుంటుంది, ఆటులో లాగితే పోటుకు తేలి వెళ్లిపోతుంది. మీరు దీవి మీద ఉన్నంతసేపూ పడవలో గానీ, దాన్ని చూస్తూ గానీ ఒక మనిషి ఉండాలి. లంగరు ఇసుక మీదే పడాలని పట్టుబట్టండి. పగడం మీద పడ్డ లంగరు దాన్ని విరగ్గొట్టడమే కాదు, పడవ గాలికి అటూ ఇటూ తిరిగినప్పుడల్లా గొలుసు చుట్టుపక్కలంతా ఊడ్చేస్తుంది. తాడు పొడవు నీటి లోతుకు కనీసం ఐదు రెట్లు ఉంటేనే లంగరు సరిగా పట్టు నిలుపుతుంది.

పెట్రోల్ విషయంలో పాత లెక్కే మంచిది: వెళ్లడానికి మూడో వంతు, రావడానికి మూడో వంతు, అనుకోని అవసరానికి మూడో వంతు. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి పెరుగుతుంది. తిరుగు ప్రయాణం ఆ గాలికి ఎదురైతే వచ్చినప్పటి కంటే చాలా ఎక్కువ కాలుతుంది. ఇంజన్ ఆగిపోతే ఏం చేస్తారని సరంగును నేరుగా అడగండి. రెండో ఇంజన్, తెడ్లు, సరిపడా తాడు, స్పార్క్ ప్లగ్‌లు, వాటిని మార్చే పనిముట్లు ఉన్నాయా? జవాబు తడబడితే ఇంకో పడవ చూసుకోండి.

ఫోన్ సిగ్నల్ మీద ఆధారపడొద్దు. పడవలో వీహెచ్ఎఫ్ రేడియో, అంటే పడవలు ఒకదానితో ఒకటి, ఒడ్డుతో మాట్లాడుకునే సెట్ ఉండాలి. ఆపదలో పిలిచే చానెల్ 16, అంటే 156.8 మెగాహెర్ట్జ్. చేతిలో పట్టుకునే సెట్ నీటిమట్టం దగ్గర నుంచి కొద్ది కిలోమీటర్లే అందుతుంది, దాన్ని గుర్తుంచుకోండి. 406 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే పర్సనల్ లొకేటర్ బీకన్ అద్దెకు దొరికితే తీసుకోండి. బటన్ నొక్కితే కాస్పాస్-సర్సాట్ ఉపగ్రహాల ద్వారా గాలింపు సిబ్బందికి మీ స్థానం చేరుతుంది. వీటన్నిటికంటే ముందు, ఒడ్డున ఉండే ఒక బాధ్యతగల మనిషికి కాగితం మీద రాసి ఇవ్వండి: ఏ పడవ, ఎంతమంది, ఏ దీవి, ఎన్నింటికి తిరిగొస్తారు, రాకపోతే ఎన్నింటికి ఎవరికి ఫోన్ చేయాలి.

దీవి మీద మిమ్మల్ని ఎక్కువగా బాధపెట్టేది ఎండ. చిన్న దీవిలో మంచినీళ్లు ఉండవు. కాస్త పెద్ద దీవుల్లో వాననీరు ఇసుకలోకి దిగి ఉప్పునీటి మీద పలుచగా తేలుతూ నిలుస్తుంది. వెడల్పు కొన్ని వందల మీటర్లకు తగ్గితే అదీ నిలవదు. మనిషికి ఐదు లీటర్లు, దానికి తోడు పడవలో విడిగా ఒక డబ్బా పెట్టుకోండి. పొడి ఇసుక అతినీలలోహిత కిరణాల్లో దాదాపు 15 శాతాన్ని, కెరటాల నురుగు 25 శాతాన్ని వెనక్కి విసురుతాయి. అందుకే గొడుగు కింద కూర్చున్నా గడ్డం కింద, మోకాళ్ల వెనక చర్మం కాలుతుంది. పొడుగు చేతుల ఈత చొక్కా వేసుకుంటే రాసుకునే క్రీమ్ తగ్గుతుంది, రీఫ్‌కూ అదే మంచిది. ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్న క్రీములను పసిఫిక్ దీవుల దేశం పలావు 2020 నుంచి నిషేధించింది, హవాయి 2021 నుంచి వాటి అమ్మకాన్ని ఆపింది. జింక్ ఆక్సైడ్ రకం తీసుకోండి.

తక్కువ లోతు నీళ్లలో నడిచేటప్పుడు అడుగు ఎత్తి వేయకుండా ఇసుకలో ఈడుస్తూ నడవండి, ఇసుకలో దాక్కునే, తోకకు విషపు ముల్లుండే స్టింగ్‌రే చేపలు అలికిడికి తప్పుకుంటాయి. స్టోన్‌ఫిష్ తప్పుకోదు. అది నాచు పట్టిన రాయిలాగే ఉండి కదలకుండా పడుకుంటుంది, దాని వీపు ముళ్లు పలుచటి అడుగున్న బూటులోంచి కూడా దిగుతాయి. రాళ్లు ఉన్న చోట నడవకపోవడమే దానికి మందు. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో, సుమారు 45 డిగ్రీలు మించకుండా, కాలు ముంచి ఉంచి ఆస్పత్రికి తీసుకెళ్లాలి. నీటి వేడిని గాయపడని కాలితో ముందు చూడాలి, నొప్పిలో ఉన్న కాలికి కాలుతున్నదీ తెలియదు. అందుకని ఫ్లాస్కులో వేడి నీళ్లు తీసుకెళ్లండి. పగడం గీసుకున్న చిన్న గీరను కూడా వదిలేయకండి. లోపల ముక్కలు ఉండిపోయి రెండు రోజుల్లో చీము పడుతుంది. మంచినీళ్లతో, సబ్బుతో రుద్ది కడగాలి.

బాబుకు ఒక మాట గట్టిగా చెప్పండి: శంకువు ఆకారంలో, అందమైన చారలు, గళ్లు ఉన్న గవ్వలను ముట్టుకోకూడదు. కోన్ నత్తలు సన్నటి ముల్లులాంటి దాన్ని బయటికి విసిరి విషం ఎక్కిస్తాయి. వాటిలో పెద్ద రకాల కాటుతో మనుషులు చనిపోయారు, దానికి విరుగుడు మందు లేదు. ఖాళీ శంఖాలను కూడా ఇంటికి తీసుకురానివ్వకండి. ఒడ్డున తిరిగే మెత్తటి పొట్ట పీతలకు అవే ఇళ్లు. అవి పెరుగుతున్నకొద్దీ ఇంకా పెద్ద ఖాళీ శంఖం వెతుక్కుంటాయి.

జనం లేని దీవి ఖాళీగా ఉందని అనుకోకండి. సూటీ టెర్న్ అనే సముద్రపు పక్షి ఒట్టి ఇసుక మీదే గుడ్డు పెడుతుంది. గూడు ఉండదు, గుడ్డు మచ్చలతో ఇసుకలో కలిసిపోతుంది, రెండడుగుల దూరం నుంచి కూడా కనబడదు. మధ్యాహ్నం ఆ పక్షి గుడ్డు మీద పొదిగినట్టు కూర్చోదు. కాస్త లేచి నిలబడి, రెక్కలు కొద్దిగా విడదీసి, నోరు తెరుచుకుని రొప్పుతూ తన నీడను సరిగ్గా గుడ్డు మీద పడేలా పట్టి ఉంచుతుంది. సూర్యుడు జరిగేకొద్దీ తానూ జరుగుతుంది. అదే ఆ గుడ్డుకు ఉన్న ఏకైక గొడుగు. మీరు ఫోటో కోసం దగ్గరికి వెళ్తే అది ఎగిరిపోతుంది, మీ తల మీద అరుస్తూ తిరుగుతుంది, ఇసుక వేడికి గుడ్డు కొద్ది నిమిషాల్లోనే పాడవుతుంది. వైట్ టెర్న్ అయితే గూడు లేకుండా ఒట్టి కొమ్మ మీదే ఒక్క గుడ్డు పెడుతుంది, కొమ్మ ఊపితే పడిపోతుంది. పక్షులు లేచి అరుస్తున్నాయంటే మీరు అప్పటికే ఎక్కువ దగ్గరికి వచ్చారని అర్థం. వచ్చిన దారినే వెనక్కి వెళ్లండి. నీటి అంచున తడి ఇసుక మీద నడిస్తే ఈ సమస్య చాలావరకు రాదు.

ఈ పక్షుల రెట్ట వానకు కరిగి రీఫ్‌కు ఎరువుగా చేరుతుంది. హిందూ మహాసముద్రంలోని చాగోస్ దీవుల మీద 2018లో వెలువడ్డ అధ్యయనంలో, ఎలుకలు లేని దీవుల్లో పక్షుల సాంద్రత ఎలుకలున్న దీవుల కంటే 760 రెట్లు, నేలకు చేరే నత్రజని 251 రెట్లు ఎక్కువగా ఉన్నట్టు తేలింది. ఎలుకలు లేని చోట్ల రీఫ్ చేపలూ ఎక్కువగా ఉన్నాయి, వేగంగా పెరుగుతున్నాయి. అంటే పడవలో దాక్కున్న ఒక చూలు ఎలుక గుడ్లను, పక్షులను, చివరికి మీరు ఈత కొడుతూ చూసే చేపలను కూడా తినేసినట్టే. పసిఫిక్‌లోని పామైరా దీవిలో 2011లో ఎలుకలను పూర్తిగా తొలగించారు, ఆ పని ఎంత పెద్దదో ఆ రంగంలో ఉన్నవాళ్లకు తెలుసు. మీరు చేయాల్సింది చిన్న పని. బయలుదేరే ముందు రాత్రి సంచులన్నీ దులపండి, బూట్ల అడుగున ఇరుక్కున్న మట్టి, గింజలు తీసేయండి, పరదా మడతల్లో చీమలు ఉన్నాయేమో చూడండి. సామాను మూతలున్న డబ్బాల్లోనే పెట్టండి.

ఇసుకలో ట్రాక్టర్ టైరు జాడలాంటి వెడల్పాటి గుర్తు నీళ్ల నుంచి పైకి వెళ్లి కనిపిస్తే సముద్రపు తాబేలు వచ్చి వెళ్లింది. దాని చివర ఉన్న గుంట చుట్టూ తొక్కకండి, కింద వంద గుడ్ల దాకా ఉండొచ్చు. పిల్లలు తవ్విన గుంతలు, కట్టిన ఇసుక గోడలు వచ్చేటప్పుడు చదును చేసేయండి. రాత్రి బయటికొచ్చే తాబేలు పిల్లలు వాటిలో పడి పైకి ఎక్కలేవు.

రాత్రి బస వద్దనడానికి మొదటి కారణం ఇదే. గుడ్లు పెట్టడానికి వచ్చే తాబేలు మనుషుల అలికిడి, లైటు కనబడితే గుడ్లు పెట్టకుండానే వెనక్కి వెళ్లిపోతుంది. పిల్లలేమో నీళ్లు మెరిసే వైపు పోవాల్సింది పోయి మీ లాంతరు వైపు వస్తాయి. రెండో కారణం మీ క్షేమం. చీకట్లో రీఫ్ దాటి బయటికి రాలేరు. అర్ధరాత్రి ఎవరికైనా కడుపునొప్పి వచ్చినా, గాలి దిశ మారి చాటు వైపు కాస్తా గాలి వైపైపోయినా, తెల్లారి పోటు వచ్చేదాకా అక్కడే చిక్కుకుంటారు. దీవి ఎత్తు రెండు మూడు మీటర్లే అని ముందే చెప్పాను, పెద్ద పోటు రాత్రి టెంట్ వేయడానికి సురక్షితమైన చోటు చాలా దీవుల్లో దొరకదు. మంట అసలు వేయొద్దు, పగలైనా సరే. పొదల కింద ఎండుటాకుల పొర రోజుల తరబడి లోలోపల కాలుతుంది.

అనుమతి ఖచ్చితంగా కనుక్కోండి. జనం లేని దీవి అంటే అడిగేవాళ్లు లేని దీవి కాదు. ఆస్ట్రేలియాలోని రైన్ ఐలాండ్‌లో, పచ్చ తాబేళ్లు ప్రపంచంలోనే అత్యధికంగా గుడ్లు పెట్టే ఆ చోటికి, సందర్శకులను రానివ్వరు. 1982 నుంచి ప్రపంచ వారసత్వ స్థలంగా ఉన్న సీషెల్స్‌లోని అల్దాబ్రాకు అనుమతి లేకుండా వెళ్లలేరు. చాలా దీవుల్లో పక్షులు గుడ్లు పెట్టే నెలల్లో మాత్రమే ప్రవేశం ఆపేస్తారు. మీ సరంగు "ఎవరూ చూడరు, పర్వాలేదు" అంటే ఆయన పడవ ఎక్కొద్దు. అనుమతి విషయంలో అలా మాట్లాడే మనిషి లైఫ్ జాకెట్ల విషయంలోనూ అలాగే ఉంటాడు.

దీవి మీద టాయిలెట్ ఉండదు. మూత గట్టిగా బిగిసే డబ్బా, సంచులు తీసుకెళ్లి అన్నీ వెనక్కి తెచ్చేయండి. ఒడ్డుకు కొట్టుకొచ్చిన ప్లాస్టిక్ ఎలాగూ కనిపిస్తుంది. కోకోస్ కీలింగ్ దీవుల్లోనే 41.4 కోట్ల ముక్కలు ఉంటాయని 2019లో అంచనా వేశారు, అందులో ఎక్కువ భాగం ఇసుక కింద కూరుకుపోయి ఉంది. ఒక ఖాళీ గోతం తీసుకెళ్లి నిండినంత ఏరుకురండి. పక్షుల వైపు, తాబేలు గుంటల వైపు మాత్రం ఏరడానికి కూడా వెళ్లొద్దు.

ఇక సామాను: నీళ్లు, టోపీలు, పొడుగు చేతుల చొక్కాలు, గట్టి బూట్లు, మాస్క్‌లు, నీడ కోసం ఒక పరదా, వేడి నీళ్ల ఫ్లాస్కు, గాయాల మందులు, వాంతుల మాత్రలు (పడవ ఎక్కడానికి గంట ముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే పనిచేయవు), నీళ్లు దూరని సంచిలో ఫోన్లు. లైఫ్ జాకెట్ అందరికీ, పడవలో ఉన్నంతసేపూ ఒంటి మీదే ఉండాలి. బాబుకు పెద్దల జాకెట్ బిగించి సరిపెట్టొద్దు. నీళ్లలో పడితే అది పైకి జారి తల మీదుగా ఊడొస్తుంది. వాడి బరువుకు తగినది, కాళ్ల మధ్య నుంచి పట్టీ ఉన్నది ముందే సంపాదించండి. వేసి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లేపి చూడండి. జాకెట్ చెవుల దాకా వస్తే అది వాడిది కాదు.

తేదీ ఖాయం చేసుకునే ముందు ఆ చోటి ఆటుపోట్ల పట్టిక, గాలి దిశ వివరాలు ఇక్కడ పెట్టండి. ఏ గంటకు బయలుదేరాలో, ఎన్నింటికల్లా దీవి వదలాలో చూసి చెబుతాను.